వంశధార లోయలో సైకిల్ మీద: బరంపురం నుంచి రాయగడ దాకా

వైజాగ్, శ్రీకాకుళం వైపు రోడ్ బైక్ తొక్కేవాళ్లలో ఎవరిని కదిపినా, చలికాలం రాగానే అరకు, లంబసింగి పేర్లే చెబుతారు. ఆ దారులు మంచివే, కాదనను. కానీ ఆదివారం వచ్చిందంటే అనంతగిరి ఘాట్‌లో కార్ల పొగ మింగుతూ ఎక్కాలి. నేను మాత్రం తొక్కే మిత్రులందరికీ కొన్నేళ్లుగా ఒకటే పోరు పెడుతున్నాను: ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్లండి, గంజాం, గజపతి, రాయగడ జిల్లాల దారులు చూడండి. ఘాట్ కావాలంటే ఘాట్ ఉంది. చదునుగా నది పక్కన తొక్కాలంటే అదీ ఉంది. లారీలు తక్కువ, చెట్ల నీడ ఎక్కువ. ఆకలేస్తే తెలుగులో అడిగి తినొచ్చు, సైకిల్ పాడైతే తెలుగులో చెప్పుకుని బాగు చేయించుకోవచ్చు. మన పక్కనే ఇంత మంచి సైకిల్ దారి ఉంటే మనవాళ్లు పట్టించుకోకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

డిసెంబరు మొదటి వారంలో నేనూ మా బావా ఈ దారిన వెళ్లాం. బావ అంటే మా మేనమామ కొడుకు. పుట్టింది, చదివింది, ఉద్యోగం చేస్తున్నది అన్నీ బరంపురంలోనే. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. బరంపురంలో మొదలుపెట్టి తప్తపాణి ఘాట్ ఎక్కి, చంద్రగిరి, ఆర్.ఉదయగిరి మీదుగా పర్లాకిమిడి దిగి, అక్కణ్ణుంచి వంశధార వెంట గుణుపురం, ఆపైన నాగావళి ఒడ్డున రాయగడ. ఇదీ మా దారి.

వెళ్లదలచుకున్నవాళ్లకు సామాను సంగతి ముందే చెబుతాను. వెనక క్యాసెట్, అంటే వెనక చక్రానికుండే పళ్ల బిళ్లల కట్ట, పెద్ద బిళ్ల 32 పళ్లది ఉంటే మోకాళ్లు మిగులుతాయి. టైర్లు 28 ఎం.ఎం. చాలు గానీ, ఫ్రేమ్‌లో పడితే 32 వేసుకోండి. ట్యూబులు మాత్రం సరిపడా మోసుకెళ్లాల్సిందే. పల్లెల్లో పంక్చర్ షాపులకు లోటు లేదు, కానీ వాళ్ల పంపు మన రోడ్ బైకుల సన్న వాల్వ్‌కి, అదే ప్రెస్టా వాల్వ్‌కి, పట్టదు. చిటికెన వేలి గోరంత ఇత్తడి అడాప్టర్ ఒకటి దొరుకుతుంది. దాన్ని వాల్వ్‌కే బిగించి ఉంచుకుంటే ఏ ఊళ్లోనైనా గాలి కొట్టించుకోవచ్చు.

మొదటి రోజు: బరంపురం – తప్తపాణి – చంద్రగిరి

తెల్లవారకముందే బయల్దేరాం. పాత బస్టాండు దగ్గర టిఫిన్ బండ్లు అప్పటికే పొగలు కక్కుతున్నాయి. ఇక్కడ ఇడ్లీతో పాటు గుగుని వేస్తారు. తెల్ల బఠాణీల కూర అది. మినప గారెను వీళ్లు బరా అంటారు. గారె మీద గుగుని పోసుకుని తింటే మధ్యాహ్నం దాకా కడుపు అడగదు. బండి ఆయన మాకు తెలుగులో, మా పక్కాయనకు ఒడియాలో, వెనకనుంచి గిన్నెలు అందిస్తున్న భార్యకు మళ్లీ తెలుగులో చెబుతున్నాడు.

బరంపురం గురించి బావ మొదలుపెడితే ఆపడు. రాష్ట్రపతి వి.వి.గిరి 1894లో పుట్టింది ఈ ఊళ్లోనే. ఊరికి పట్టు పేరు తెచ్చిన చీర అంచు మీద గుడి గోపురాల వరస నేస్తారు. 2012లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. రెండేళ్లకోసారి బుడ్ఢీ ఠాకురాణి జాతర జరుగుతుంది. ఆ నెల రోజులూ అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టు ఊరు ఊరంతా వేషాలతో నిండిపోతుంది. గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. మా తాతల కాలం మనుషులు ఈ ఊళ్లో చదువుకుని, ఇక్కడే కోర్టు పనులు చూసుకుని టెక్కలి, సోంపేట వెళ్లేవాళ్లు.

దిగపహండి దాకా రోడ్డు చదును. కోతలైపోయిన మళ్లు, కుప్పలు వేసిన కళ్లాలు, మంచులో సగమే కనపడే తాటిచెట్లు. ఇలాంటి చోట తొందరపడి బలమంతా ఖర్చు పెట్టుకోకూడదు. ముందున్నది ఘాట్.

బరంపురం నుంచి తప్తపాణి సుమారు 50 కిలోమీటర్లు. చివర్లో అడవిలోకి ఎక్కే దారి వంపులు వంపులుగా ఉంటుంది. నిట్టనిలువుగా ఎక్కడా ఉండదు. ఒక గేరులో కూర్చుని, ఊపిరి ఒకే లెక్కన తీసుకుంటూ పోవచ్చు. ఎడమ పక్క లోయ, కుడి పక్క సాల చెట్లు, తలెత్తితే కోతులు. ఘాట్ నేర్చుకోవాలనుకునే కొత్తవాళ్లకు ఇంతకంటే మంచి బడి నాకు తెలియదు.

పైన గంధకపు వేడి నీటి ఊట ఉంది. ఊట దగ్గర కంధుని దేవి గుడి. ఆ నీళ్లలో గాజులు, పూలు, పసుపు కుంకుమలు వేసి మొక్కుకుంటారు. పిల్లల కోసం మొక్కుకునే ఆడవాళ్లు దూరాల నుంచి వస్తారు. కిందికి వదిలిన నీళ్లలో కాళ్లు పెట్టుకుని కాసేపు కూర్చున్నాం. ఘాట్ ఎక్కిన పిక్కలకు ఆ వేడి చేసిన మేలు ఏ బామ్‌తోనూ రాదు.

అక్కణ్ణుంచి చంద్రగిరి దాకా ఎత్తుపల్లాల దారి. ఎక్కినంత దిగుతాం, దిగినంత ఎక్కుతాం. సాయంత్రమయ్యేసరికి చేలల్లో మొక్కజొన్న దంట్లు, వాటి మధ్య కర్రలకు కట్టిన ఐదు రంగుల ప్రార్థన జెండాలు కనపడతాయి. టిబెట్ నుంచి వచ్చిన శరణార్థులకు ప్రభుత్వం 1963లో ఇక్కడ భూమి ఇచ్చి స్థిరపరచింది. మంచుకొండల మనుషులు ఈ వేడిలో మొక్కజొన్న పండించడం నేర్చుకున్నారు. జీరంగలో వాళ్లు కట్టుకున్న పద్మసంభవ మహావిహారాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. పల్లెదారి మలుపు తిరగ్గానే బంగారు రంగు పైకప్పులు ఒక్కసారిగా ఎదురవుతాయి. లోపల నేల మీద కూర్చున్న చిన్న చిన్న భిక్షువులు పాఠం వల్లె వేస్తున్నారు. అందులో ఒకడు మా హెల్మెట్ల వంకే చూస్తూ వరస తప్పాడు.

రాత్రి తుక్పా, అంటే టిబెటన్ల నూడుల్స్ సూపు, తాగాం. మేం దిగిన చిన్న లాడ్జిలో సైకిళ్లు గదిలోకే తెచ్చుకోమన్నారు. మాకు అంతకంటే కావాల్సిందేముంది!

రెండో రోజు: చంద్రగిరి – ఆర్.ఉదయగిరి – పర్లాకిమిడి

ఈ దారి మొత్తంలో ఒక్క రోజే తొక్కే వీలుంటే, ఈ రోజు దారే తొక్కమంటాను.

పొద్దున్న ఏడు దాటినా మంచు విడవలేదు. ముందు లైటు, వెనక లైటు వేసుకుని బయల్దేరాం. మంచులో ఘాట్ దారి తొక్కేటప్పుడు కళ్లకంటే చెవులకే పని ఎక్కువ. ఎదురొచ్చే బస్సు హారన్ రెండు మలుపుల అవతల వినపడుతుంది. ఇక్కడి డ్రైవర్లు మలుపు మలుపుకీ హారన్ కొడతారు, అది మనకు రక్ష. మనం కూడా బెల్ కొట్టాలి. రోడ్ బైక్‌కి బెల్ ఎందుకనుకునేవాళ్లు ఈ దారికి రాకపోవడమే మంచిది.

ఎండ పైకొచ్చేసరికి కొండలు తెరిపిన పడ్డాయి. ఇది సవరలనే కొండజాతి వాళ్ల దేశం. దూరం నుంచి చూస్తే కొండవాలు మీద ఎవరో అడ్డగీతలు గీసినట్టుంటుంది. దగ్గరికి వెళ్తే అవి రాతి గోడలు. వాగు పుట్టే చోటు నుంచి కిందదాకా కొండను మెట్లు మెట్లుగా మలిచి, ప్రతి మెట్టుకూ రాతికట్టు కట్టి, అందులో వరి పండిస్తారు. సున్నం లేదు, సిమెంటు లేదు. రాయి మీద రాయి పేర్చడమే. పై మడి నిండితే నీళ్లు ఒక మూల నుంచి కింది మడిలోకి జారతాయి. నేను సైకిల్ పక్కన పెట్టి ఒక గోడ దగ్గరికి వెళ్లి చూశాను. గోడ నా ఛాతీ ఎత్తుంది. కింది రాళ్లు రెండు చేతులతోనూ ఎత్తలేనంతవి, పైకి వెళ్లేకొద్దీ చిన్నవి. గోడ నిటారుగా లేదు, కొండ వైపు కాస్త వాలి ఉంది. వర్షాకాలంలో నీటి బరువును ఆపేది ఆ వాలే. రాళ్ల సందుల్లోంచి సన్నగా నీరు ఊరుతోంది. ఆ తడిలో నాచు, నాచులో చిన్న చిన్న ఫెర్న్ మొక్కలు. దీన్ని కట్టినవాళ్లు ఏ ఇంజినీరింగ్ కాలేజీకీ వెళ్లలేదు. ఇన్ని వానలకు నిలబడిందంటే కట్టినవాళ్ల లెక్క ఎంత ఖచ్చితమైనదో అర్థమవుతుంది. అరకులో ఫొటో పాయింటు కోసం టికెట్టు కొనుక్కునే మనం, ఇలాంటిది చూడ్డానికి ఎందుకు రామో నాకు తెలీదు.

మళ్ల పైన కొండపోడు. చోళ్లు కోసేశారు, కంది ఇంకా పచ్చగా ఉంది. రోడ్డు పక్కన జీలుగు చెట్లకు కుండలు కట్టి ఉన్నాయి. ఒక చోట ముగ్గురు ఆడవాళ్లు అడ్డాకుల కట్టలు దించి బస్సు కోసం కూర్చున్నారు. అందులో పెద్దావిడ నుదుటి నుంచి ముక్కు దాకా నిలువు పచ్చబొట్టు, చెవుల్లో పెద్ద పెద్ద చెక్క బిళ్లలు. బావ ఒడియాలో పలకరిస్తే ఆవిడ తెలుగులో జవాబిచ్చింది.

“ఎంతదూరం ఎల్తారు బాబూ?”

“పర్లాకిమిడి అమ్మా.”

“దీని మీదా?” అని సైకిల్ సీటు నొక్కి చూసింది. “ఇంత గట్టిదేటి! గుడ్డేదైనా ఏసుకోండి.”

ఆ అడ్డాకులు పర్లాకిమిడి సంతకు వెళ్తాయి. అక్కణ్ణుంచి విస్తళ్లయి శ్రీకాకుళం పెళ్లిళ్లకు వస్తాయి. మనం భోంచేసే ఆకు ఏ కొండ మీద కోశారో తెలుసుకునే అవకాశం కారులో వెళ్లేవాళ్లకు రాదు.

ఉదయగిరిలో అన్నం, పప్పు, ఆలూ భర్తా. బియ్యం లావు, కూర కారం, వడ్డించే చెయ్యి ధారాళం. ఆ తర్వాత ఎడమ వైపు దూరంగా మహేంద్రగిరి వరసలు మాతో పాటే వచ్చాయి. శిఖరం ఎత్తు 1,501 మీటర్లు. పరశురాముడు అక్కడ తపస్సు చేస్తున్నాడని నమ్మకం. పైన కుంతి, ధర్మరాజు, భీముడి పేర్లతో పాత రాతి గుళ్లున్నాయి. శివరాత్రికి జనం ఇసుక వేస్తే రాలనంతగా ఎక్కుతారు. ఆ కొండల్లో పుట్టిన మహేంద్రతనయ పర్లాకిమిడిని ఒరుసుకుని పారి వంశధారలో కలుస్తుంది. అంటే ఇక నుంచి మా దారీ, నీళ్ల దారీ ఒకటే, కిందికి.

దిగుడు గురించి ఒక మాట. ఈ ఘాట్‌లో దిగేటప్పుడు చేతులు డ్రాప్స్‌లో, అంటే హ్యాండిల్ కింది వంపుల్లో, పెట్టుకుని, మలుపుకి ముందే బ్రేకు వేసి, మలుపులో వదిలెయ్యాలి. మలుపు మధ్యలో ఇసుక ఉంటుంది. ఆవులు ఉంటాయి. ఒక్కోచోట రోడ్డు మీదే చోడి గంటలు ఎండబోసి ఉంటాయి. రోడ్డు ఖాళీగా కనపడింది కదా అని వదిలేస్తే ప్రమాదం. బావ నాకంటే బరువు, దిగుడులో నాకంటే వేగం. “నువ్వు మెల్లగా రా, కింద వంతెన దగ్గర ఉంటా” అని మాయమైపోయాడు. నేను వెళ్లేసరికి రెండో టీ తాగుతున్నాడు.

మూడో రోజు: పర్లాకిమిడిలో

ఈ రోజు సైకిళ్లు కడిగి, గొలుసులకు నూనె వేసి, కాళ్లకు సెలవిచ్చాం.

పర్లాకిమిడి పేరు వింటే నాకు ముందు గుర్తొచ్చేది గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆయన 1880లో ఈ ఊరి రాజావారి బడిలో టీచరుగా చేరారు. నిన్న మేం దాటొచ్చిన కొండల్లోనే తిరిగి సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు సొంత ఖర్చుతో బడులు పెట్టారు, వాళ్ల భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. ఆ తిరుగుళ్లలో పట్టుకున్న మలేరియాకు క్వినైన్ మింగి మింగి వినికిడి పోగొట్టుకున్నారు. మనకు ఆయన వాడుక భాష కోసం పోరాడిన మనిషిగానే తెలుసు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. కానీ ఆ కొండ దారుల్లో రబ్బరు టైరు మీద వెళ్లినవాడికి, వందేళ్ల కిందట అదే అడవిలో కాలినడకన, జ్వరంతో తిరిగిన పంతులుగారు ఇంకోలా అర్థమవుతారు. 1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపినప్పుడు ఆయన ఆ ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. అదే ఏడాది సవర భాషకు మంగేయి గొమాంగో సొంత లిపి తయారు చేశాడు.

పర్లాకిమిడిని ఒరిస్సాలో కలపాలని పట్టుబట్టింది ఇక్కడి రాజావారే. కృష్ణచంద్ర గజపతి నారాయణ దేవ్ ఒరిస్సా మొదటి ప్రధాని అయ్యారు (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవాళ్లు). 1992లో ఏర్పడిన గజపతి జిల్లా పేరు ఆయన పేరు మీదే. రాజావారి కోట బయటినుంచి చూశాం. ఎర్రటి గోడలు, గుండ్రటి బురుజులు, కాస్త మరమ్మతు పడాల్సిన కళ. ఒడియా వాళ్లకు ఆయన రాష్ట్రం తెచ్చిన మనిషి. మన వైపు పెద్దవాళ్లలో ఇప్పటికీ కొందరికి ఆయన మీద కోపం పోలేదు. మా బావ ఇద్దరి మాటా వింటూ పెరిగాడు కాబట్టి ఇద్దర్నీ అర్థం చేసుకుంటాడు. నాకు మాత్రం పంతులుగారు ఊరు వదిలిన సంగతి తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

ఊళ్లో కొమ్ము పనివాళ్ల వీధి చూడకుండా రావద్దు. ఎద్దు, గేదె కొమ్ములను నిప్పు సెగ మీద వేడిచేసి మెత్తబరిచి, వంచి, ఆకురాయితో రాసి కొంగలు, రొయ్యలు, దువ్వెనలు చేస్తారు. నేనో కొంగ కొన్నాను. బట్టల్లో చుట్టి సీటు వెనక సంచిలో పెట్టుకున్నాను.

సాయంత్రం వంతెన దాటి పాతపట్నం వెళ్లి నీలమణి దుర్గమ్మను చూసొచ్చాం. వంతెనకు ఇటు ఒడిశా, అటు ఆంధ్ర. కూరగాయల సంచులు, బడి పిల్లలు, స్కూటర్లు రోజంతా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి.

నాలుగో రోజు: పర్లాకిమిడి – కాశీనగరం – గుణుపురం

లక్ష్మీవారం, అదీ మార్గశిరంలో. ఊరు దాటి పల్లెల్లోకి వెళ్లేసరికి ప్రతి గడపకీ తడి ఆరని ముగ్గులు. బియ్యప్పిండి నీళ్లలో కలిపి వేళ్లతో వేసిన తామరపూలు, వరి కంకులు, వీధి నుంచి దేవుడి గది దాకా లక్ష్మీదేవి పాదాలు. ఒడియా ఇళ్లలో కొత్త ధాన్యం కొలిచి మానికలో నింపి పూజ చేస్తారు. మన శ్రీకాకుళం ఇళ్లలో మార్గశిర లక్ష్మీవారం నోము. ఏ ఇల్లు ఎవరిదో ముగ్గును బట్టి చెప్పలేకపోయాం. అన్ని ఇళ్లముందూ ఆడవాళ్లు తలస్నానం చేసి కొత్త చీరల్లో ఉన్నారు, అన్ని వంటిళ్లలోనూ పాయసం వాసనే.

ఈ దారికి పక్కనే రైలు పట్టా ఉంది. పర్లాకిమిడి రాజావారు సొంతంగా వేయించుకున్న చిన్న రైలు అది. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి, 1931 నాటికి గుణుపురం దాకా, మొత్తం 90 కిలోమీటర్లు. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. మా అమ్మ చిన్నప్పుడు ఆ రైల్లో వెళ్తూ, ఎత్తుగడ్డ వస్తే దిగి నడిచి మళ్లీ ఎక్కేవాళ్లమని చెప్పేది. 2004లో దాన్ని ఆపి బ్రాడ్‌గేజ్‌గా మార్చారు, 2011 నుంచి పెద్ద రైలు గుణుపురం వస్తోంది. సైకిల్ తొక్కేవాళ్లకు ఈ పట్టా ఒక శుభవార్త. ఎందుకంటే ఆ కాలపు చిన్న ఇంజను లాగలేని ఎత్తు మీదుగా ఎవరూ పట్టా వెయ్యరు. రైలు పోయే లోయలో రోడ్డు కూడా చదునే. పర్లాకిమిడి నుంచి గుణుపురం దాకా యాభై పైచిలుకు కిలోమీటర్లు పెద్ద గేరులో సాఫీగా పోవచ్చు.

కాశీనగరం దగ్గర వంశధార కనపడుతుంది. డిసెంబరులో నది సన్నబడి ఇసుక మేటల మధ్య పాయలుగా పారుతుంది. మేం ఉన్నది ఎడమ గట్టు, ఒడిశా. కుడి గట్టున మన భామిని మండలం. ఎదర గట్టు మీద పత్తి ఏరుతున్న ఆడవాళ్ల చీరల రంగులు కూడా తెలుస్తున్నాయి. ఈ కాస్త నీళ్ల కోసమే రెండు రాష్ట్రాలూ ట్రిబ్యునల్ దాకా వెళ్లాయి. నేరడి దగ్గర బ్యారేజీ కట్టుకోవాలని ఆంధ్ర, మా భూములు మునుగుతాయని ఒడిశా. 2010లో ట్రిబ్యునల్ వేశారు, 2017లో తీర్పొచ్చింది, బ్యారేజీ మాట ఇప్పటికీ రెండు గట్ల మీదా నలుగుతూనే ఉంది. టీ కొట్టు దగ్గర ఒక రైతు “నీళ్లకి ఏ రాష్ట్రమో తెలీదు బాబూ, ఎండాకాలం మాకూ లేవు, ఆలకీ లేవు” అన్నాడు. రెండు గట్లకూ నీరందేలా కట్టాలనే నాకూ అనిపిస్తుంది. ఎటువైపు చూసినా పండించేది మన రైతులే.

ఇక్కడే నా సైకిల్ మొరాయించింది. వరి కోతల కాలంలో పల్లెల రోడ్ల మీద పనలు పరుస్తారు, లారీలూ ట్రాక్టర్లూ తొక్కితే నూర్పిడి అయిపోతుందని. ఒక పొడవాటి గడ్డి పరక గేరు మార్చే వెనక డిరైలర్ చిన్న చక్రాల్లో చుట్టుకుంది, గొలుసు బిగుసుకుంది, టప్‌మని చప్పుడు. దిగి చూస్తే వెనక చక్రంలో స్పోకు తెగింది. చక్రం అష్టావక్రం, తిరిగినప్పుడల్లా బ్రేకు రబ్బరుకు రాసుకుంటోంది.

కాశీనగరంలో వేపచెట్టు కింద సైకిల్ షాపు. షాపంటే ఒక పెట్టె, నీళ్ల తొట్టి, తలకిందులుగా నిలబెట్టిన రెండు పాత సైకిళ్లు. ముసలాయన అద్దాలు సర్దుకుని చక్రం ఒకసారి తిప్పాడు.

“ఔటొచ్చీసింది. కూకోండి.”

“ఈ సైజు స్పోకు మీ దగ్గర ఉండదేమో బాబాయ్.”

“స్పోకెందుకు? మీ ఊరెల్లేదాకా నడవాలి, అంతే కదా?”

తెగిన స్పోకు లాగి పారేశాడు. ఫ్రేము పక్కన సుద్దముక్క ఆనించి చక్రం తిప్పాడు. రిమ్ ఎక్కడ వంగిందో అక్కడ తెల్ల గీత పడింది. గీత పడ్డ చోట ఆ వైపు స్పోకులు అరచుట్టు వదిలి, ఎదుటి వైపువి పావుచుట్టు బిగించాడు. మళ్లీ తిప్పాడు. గీత పొడవు తగ్గింది. మళ్లీ వదిలి, మళ్లీ బిగించాడు. మధ్యమధ్య రెండేసి స్పోకులు వేళ్ల మధ్య పట్టి నొక్కి, బిగువు చెవితో విన్నట్టు తల వంచేవాడు. చివరికి సుద్ద ఎక్కడా అంటలేదు. బ్రేకు దగ్గరున్న చిన్న పిడి నేనెప్పుడూ వాడింది లేదు. అది తిప్పి బ్రేకు కాస్త వెడల్పు చేసి “ఇలాగే ఉంచండి, రాయగడ ఎల్లిపోవచ్చు” అన్నాడు. ఇంపోర్టెడ్ చక్రమని ఆయన కంగారు పడలేదు. డబ్బులు ఎంతంటే పంక్చరుకు తీసుకునేంతే తీసుకున్నాడు. ఎక్కువ ఇవ్వబోతే వద్దన్నాడు. బావ పక్క బడ్డీలోంచి ఆయనకు కాజాలు కొనిచ్చాడు, అవి మాత్రం పుచ్చుకున్నాడు. ఇలాంటి పనివాళ్లు మన పట్నాల్లో కరువైపోతున్నారు. అక్కడ స్పోకు తెగిందంటే చక్రమే మార్చెయ్యమంటారు.

గుణుపురం చేరేసరికి దీపాలు పెట్టే వేళ. రైలు పట్టా ఇక్కడితో ఆగిపోతుంది. రాయగడ పక్కనున్న తేరుబలి దాకా పొడిగింపు మంజూరైంది. అది పూర్తయితే ఈ లోయ మనుషులకు రాయగడ ప్రయాణం ఎంతో తేలికవుతుంది.

ఐదో రోజు: గుణుపురం – రాయగడ

డెబ్భై కిలోమీటర్ల దాకా ఉంటుంది. వంశధార లోయ వదిలి నాగావళి లోయలోకి దాటాలి, కాబట్టి మధ్యలో గట్టు ఎక్కక తప్పదు. చిత్రమేమిటంటే ఈ రెండు నదులూ కలహండి వైపు కొండల్లో దగ్గర దగ్గరగానే పుడతాయి, రెండూ మన శ్రీకాకుళం జిల్లాలోనే సముద్రంలో కలుస్తాయి. మధ్యలో మాత్రం ఇంత కొండ అడ్డం.

పొద్దుటిపూట అంతా పత్తి చేలు. రోడ్డు పక్కన పత్తి నింపిన బస్తాలు, తూకం కాటాలు, దళారుల వ్యాన్లు. ఆ తర్వాత నీలగిరి తోటలు. కాగితం మిల్లు కోసం కొండవాలంతా ఒకే వరసలో, ఒకే ఎత్తులో నాటినవి. నాకు ఆ తోటల మధ్య తొక్కడం నచ్చలేదు. పిట్ట కూత లేదు, కింద గడ్డి లేదు, నీడ ఉన్నా చల్లదనం లేదు. రెండో రోజు చూసిన సవర కొండల తర్వాత ఇది మరీ కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. పైగా కలప లారీలు ఇటే వస్తాయి, వెనక చూసుకునే చిన్న అద్దం హ్యాండిల్‌కి బిగించుకుంటే ప్రాణానికి హాయి.

గట్టు దిగాక కుడి వైపు ఉత్తరాన నీలంగా కనిపించేవి నియమగిరి కొండలు. డోంగ్రియా కంధులకు ఆ కొండే దేవుడు. బాక్సైట్ తవ్వకం విషయం గ్రామసభలే తేల్చాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. 12 ఊళ్లలో సభలు పెడితే పన్నెండూ వద్దన్నాయి. వాళ్ల ఆడవాళ్లు కుట్టే కపడాగండా శాలువాకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తెల్లటి బట్ట మీద ఎరుపు, పచ్చ, పసుపు దారాలతో కొండలూ దారులూ కుడతారు. రాయగడలో అడిగితే దొరుకుతుంది. బేరమాడకుండా కొనండి, ఒక్కో శాలువా కుట్టడానికి చాలా రోజులు పడుతుంది.

మధ్యాహ్నానికి రాయగడ. మజ్జిగౌరమ్మ గుడి ముందు శ్రీకాకుళం, విజయనగరం బండ్లు వరసకట్టి ఉన్నాయి. మొక్కులు తీర్చుకోవడానికి మనవాళ్లు కుటుంబాలతో వస్తారు. సైకిళ్లు చూసి ఒకావిడ “బరంపురం నుంచా? ఘాట్ల మీంచా?” అని మా ఇద్దరికీ చెరో చక్కెర పొంగలి దొన్నె ఇచ్చింది.

రాయగడ నుంచి ఇంటికి రెండు దారులు. కాళ్లలో ఓపిక ఉంటే కూనేరు, కొమరాడ మీదుగా పార్వతీపురం దాకా తొక్కేయవచ్చు, దారంతా నాగావళి చుట్టుపక్కలే. నా చక్రంలో స్పోకు లేదు కాబట్టి మేం రైలే ఎక్కాం. సైకిల్‌ను లగేజీ వ్యాన్‌లో బుక్ చెయ్యాలంటే బండి వచ్చే గంట ముందైనా పార్సిల్ ఆఫీసులో ఉండాలి. గుర్తింపు కార్డు, టికెట్టు చూపించాలి. పెడళ్లు విప్పి, డిరైలర్ వైపు అట్ట చుట్టండి. ఎక్కించేటప్పుడు ఆ వైపు పైకి ఉండేలా దగ్గరుండి చూసుకోండి.

రైల్లో బావ ఫోనులో మ్యాపు తీశాడు. వచ్చే చలికాలం కోరాపుట్ నుంచి పొట్టంగి, సుంకి ఘాట్ దిగి సాలూరు వద్దామంటాడు. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తయిన దేవమాలి, 1,672 మీటర్ల కొండ, ఆ దారి పక్కనే ఉంది. నేను సరే అన్నాను. వెనక చక్రానికి మాత్రం ఈసారి 32 స్పోకులది వేయిస్తున్నాను.